చేపల కోసం ఒక స్నార్కెల్ సెట్టు: మాస్కు మేలు, గొట్టం ఫరవాలేదు, చేపల కార్డు సగమే పనికొస్తుంది

స్నార్కెల్ సెట్టు, అంటే నీటి మీద బోర్లా తేలుతూ అడుగును చూడటానికి వాడే మాస్కు, ఊపిరి గొట్టం వగైరా, కొనేవారిలో చాలామంది పెట్టె మీది బొమ్మను చూసో, గొట్టానికి ఎన్ని వాల్వులు ఉన్నాయో లెక్కపెట్టో కొంటారు. సరదాగా ఈతకొట్టడానికైతే ఆ పద్ధతి సరిపోతుందేమో గాని, ఒడ్డుకు దగ్గర్లో ఉన్న పగడపు దిబ్బ మీద చేపలను చూడటమే ఉద్దేశమైనప్పుడు సరిపోదు. అప్పుడు ఏ సామాన్నయినా ఒక్క ప్రశ్నతో తూచవచ్చు: ఇది ఒంటి మీద ఉందన్న సంగతి మరిచిపోయి, నీటి మీద బోర్లా తేలుతూ, ఒకే చోట కదలకుండా ఎంతసేపు ఉండగలం? మనిషి నీడ పడగానే కొమ్మల పగడంలోకి దూరిపోయిన చిన్న డామ్సెల్ చేపలు, ఆ నీడ కదలడం మానేసిన కాసేపటికి ఒక్కొక్కటిగా మళ్లీ బయటికి వస్తాయి. ఈలోగా మాస్కులో నీళ్లు చేరాయని తల ఎత్తి, పట్టీ సర్దుకుని, మళ్లీ ముఖం ముంచితే ఆ ఎదురుచూపంతా మొదటికొస్తుంది. అందువల్ల సామాను ఎంత గట్టిది, చూపుకు ఎంత బాగుంది అన్నవి ఇక్కడ తర్వాతి మాటలు.

నేను వాడిన సెట్టులో రెండు అద్దాల మాస్కు, పై కొన దగ్గర తేలే వాల్వు అమర్చిన ‘డ్రై’ రకం స్నార్కెల్, కాళ్లకు తొడిగి మడమ వెనక పట్టీతో బిగించుకునే పొట్టి ఫిన్స్ (ఈత రెక్కలు), మణికట్టుకు తాడుతో తగిలించుకునే ప్లాస్టిక్ చేపల కార్డు, వీటన్నిటినీ వేసుకునే వల సంచి ఉన్నాయి. ఇలాంటి సెట్లను చాలా కంపెనీలు దాదాపు ఒకే తీరులో తయారుచేస్తున్నాయి కనుక, కంపెనీ పేరు కంటే వస్తువుల తీరు గురించి చెప్పడమే చదివేవారికి ఎక్కువగా ఉపయోగపడుతుంది.

సెట్టు మొత్తంలో మంచి వస్తువు మాస్కు. ముఖానికి ఆనే సిలికాన్ అంచు మెత్తగా, రెండు పొరలుగా ఉంది. ముక్కు కింద భాగం విడిగా, వేళ్లతో పట్టి మూయగలిగేంత వదులుగా ఉంది. అయితే మాస్కు విషయంలో ఒకరి మెప్పు మరొకరికి పనికిరాదని ముందే చెప్పాలి, ఎందుకంటే అది కూర్చోవలసింది ఎవరి ముఖం మీద వారికే. పట్టీ వేసుకోకుండా మాస్కును ముఖానికి ఆనించి, ముక్కుతో కొద్దిగా గాలి లోపలికి పీల్చి చేయి వదిలేసినప్పుడు అది జారకుండా నిలిస్తే ఆ ముఖానికి సరిపోయినట్టే. జారితే ఎంత పేరున్న మాస్కయినా నీటిలో ఏడిపిస్తుంది. కొనే ముందే చేయవలసిన పరీక్ష ఇది. నుదుటి దగ్గర ఒక్క వెంట్రుకల పాయ అంచు కింద ఇరుక్కున్నా నీరు చేరుతుంది. మీసం ఉన్నవారికి ముక్కు కిందనుంచి సన్నగా నీరు ఊరడం మామూలే. మీసం పై అంచును కాస్త కత్తిరించుకోవడమో, సిలికాన్ గ్రీజు కొద్దిగా రాసుకోవడమో తప్ప దానికి పూర్తి విరుగుడు లేదు. నీరు కారుతోందని పట్టీని ఇంకా బిగించేవారు చాలామంది. బిగించేకొద్దీ మెత్తటి అంచు ముడతపడి నీటికి మరింత దారి ఇస్తుంది, పైగా గంటలోపే నుదురు నొప్పి మొదలవుతుంది. నీటి ఒత్తిడే మాస్కును ముఖానికి అదిమి ఉంచుతుంది. పట్టీ పని అది పక్కకు జారకుండా చూడటం మాత్రమే. ఈ మాస్కు పట్టీకి రెండు వైపులా ఉన్న కొక్కేలు నీటిలో ఉండగానే ఒక్క వేలితో వదులు చేసుకునేలా ఉండటం నాకు బాగా నచ్చింది.

మాస్కు లోపలి ఖాళీ తక్కువగా ఉండటం ఇంకో మంచి గుణం. అద్దం కంటికి దగ్గరగా ఉంటే చూపు పక్కలకు ఎక్కువగా పారుతుంది, నీరు చేరినప్పుడు ముక్కుతో ఒక్కసారి ఊదితే బయటికి పోతుంది. చేపలను చూసేవారికి పక్కచూపు ముఖ్యం. ఎదురుగా ఉన్న పగడం మీద కళ్లు పెట్టుకుని ఉండగా, ఎడమవైపు ఇసుక మీదుగా ఒక రే చేప నెమ్మదిగా వెళ్లిపోవడం తరచుగా జరిగేదే. అద్దం మీద ‘టెంపర్డ్’ అన్న ముద్ర ఉందో లేదో తప్పక చూసుకోవాలి. అటువంటి అద్దం పగిలినా మొనదేలిన పెంకులుగా కాక చిన్న చిన్న ముక్కలుగా రాలుతుంది. ప్లాస్టిక్ అద్దమైతే ఇసుక గీతలతో తొందరగా మసకబారుతుంది.

నీటిలో ఏది చూసినా అసలు కంటే పెద్దదిగా, దగ్గరగా కనబడుతుందన్న సంగతి కొత్తవారికి ఎవరో ఒకరు చెప్పాలి. కాంతిని ఎంత వంచుతుందో చెప్పే కొలత, అంటే వక్రీభవన గుణకం, నీటికి సుమారు 1.33. కాంతి నీటిలోనుంచి అద్దం దాటి మాస్కులోని గాలిలోకి వచ్చేటప్పుడు వంగడం వల్ల, వస్తువు అసలు దూరంలో ముప్పాతిక వంతులోనే ఉన్నట్టు, దాదాపు మూడో వంతు పెద్దగా ఉన్నట్టు తోస్తుంది. ఒడ్డుకు వచ్చాక చేతులు చాపి చేప పొడవు చూపించేవారందరూ అబద్ధాలకోరులు కారు, సగం తప్పు భౌతికశాస్త్రానిది. ఆట పట్టించే మాట అలా ఉంచితే, పగడం ఇంకా దూరంగానే ఉందనో ఇప్పుడే తగిలేస్తుందనో తప్పుగా అంచనా వేసేదీ ఇక్కడే. చేయి చాచి లోతు కొలిచి చూసే అలవాటు మొదట్లో మంచిదే గాని, ఆ చేయి పగడానికి తగలకూడదు.

ఈ మాస్కు గురించి ఫిర్యాదు చేసేవారు ఎక్కువగా చెప్పేది ఆవిరి పట్టడం. అందులో తయారీదారు తప్పు ఉన్నా అది సరిదిద్దుకోదగ్గదే. కొత్త మాస్కు అద్దం లోపలి వైపు తయారీలో మిగిలిపోయిన సన్నటి సిలికాన్ పొర ఉంటుంది. దాన్ని తీయకుండా నీటిలోకి దిగితే ఏ మందు పూసినా లాభం లేదు. గరుకుగా ఉండే మామూలు తెల్ల టూత్‌పేస్టుతో, జెల్ రకం కాకుండా, వేలితో అద్దం లోపలివైపు గట్టిగా రుద్ది కడిగి, ఆ పని మళ్లీ మళ్లీ చేయాలి. ఆపైన దిగే ముందు ప్రతిసారీ ఉమ్మి రాసి తేలిగ్గా కడిగినా, పిల్లల షాంపూ ఒక చుక్క నీటిలో కలిపి రాసినా సరిపోతుంది. ఇక్కడ సెట్టుతో వచ్చిన కాగితం ఈ సంగతి చెప్పకుండా, ‘ఆవిరి పట్టని అద్దం’ అని మాత్రం గొప్పగా రాసింది.

సిలికాన్ అంచు ఈ సెట్టులో పారదర్శకంగా ఉంది. దానివల్ల ముఖం మూసేసినట్టు అనిపించదు, కొత్తవారికి భయం తగ్గుతుంది. ఎండ నెత్తిమీదికి వచ్చినప్పుడు మాత్రం పక్కలనుంచి వెలుతురు లోపలికి దూరి అద్దం మీద మెరుపులు పడతాయి. చేపల ఒంటి మీది సన్నటి గీతలను గమనించేటప్పుడు ఆ మెరుపు అడ్డం వస్తుంది. నల్ల అంచు ఉన్న మాస్కులో చూపు మరింత నిలకడగా ఉంటుంది, నీటి అడుగున ఫొటోలు తీసేవారు అదే ఎందుకు ఎంచుకుంటారో దానితో ఒకసారి చూస్తే తెలుస్తుంది. నాకైతే నల్లదే ఇష్టం.

కళ్లజోడు వాడేవారికి రెండు అద్దాల మాస్కు వల్ల పెద్ద లాభం ఉంది. అద్దాలు విడివిడిగా ఉంటాయి కనుక, ఈ రకం మాస్కుల్లో చాలావాటికి ఆ అద్దాలు తీసి పవర్ ఉన్న అద్దాలు అమర్చుకోవచ్చు. సాధారణంగా అర పవర్ తేడాలతో సిద్ధంగా దొరుకుతాయి. దూరపువి సరిగా కనబడనివారు (హ్రస్వదృష్టి ఉన్నవారు) నిజమైన పవర్ కంటే కాస్త తక్కువ పెట్టించుకున్నా, నీటిలో అన్నీ దగ్గరగా కనబడతాయి కనుక దాదాపు సరిపోతుంది. దగ్గరి చూపు తగ్గిన పెద్దవారికి ఇదే గుణం ఎదురు తిరుగుతుంది. చేతిలోని చేపల కార్డు ఉన్నదానికంటే ఇంకా దగ్గరగా ఉన్నట్టు కనబడి అక్షరాలు అలుక్కుపోతాయి, చేయి చాచి దూరంగా పట్టుకోవడం తప్ప మార్గం ఉండదు.

స్నార్కెల్ విషయానికి వస్తే, దాని పై కొనలో ఒక చిన్న బంతిలాంటి భాగం ఉంది. గొట్టం నీటిలో మునగగానే అది పైకి తేలి దారి మూసేస్తుంది. అలలు చిన్నగా కొట్టేచోట ఇది నిజంగా ఉపయోగమే, ఉప్పునీరు గొంతులోకి పోదు. దీనికి రెండో వైపు కూడా ఉంది. గాలి పీలుస్తుండగా అల వచ్చి మూత పడితే శ్వాస సగంలో ఆగిపోతుంది, ఆ క్షణంలో కొత్తవారు ఉలిక్కిపడి తల పైకెత్తుతారు. మూత కింద ఒక్క ఇసుక రేణువు చిక్కుకుంటే అది పూర్తిగా మూసుకోదు, లేదా మూసుకున్నది తెరుచుకోదు. మూత పడిలేచే ప్రతిసారీ వచ్చే టక్కుటక్కు చప్పుడు నీటిలో పెద్దగా వినబడుతుంది. చప్పుడు నీటిలో సెకనుకు దాదాపు 1,500 మీటర్ల వేగంతో, అంటే గాలిలోకంటే నాలుగు రెట్లకు పైగా వేగంతో ప్రయాణిస్తుంది. పారట్ ఫిష్ ముక్కుతో పగడపు రాయిని కొరికే కరకర శబ్దం చేప కంటికి కనబడకముందే చెవికి అందుతుంది. నీటిలో చప్పుడు ఏ దిక్కునుంచి వస్తోందో పోల్చుకోవడం కష్టమే అయినా, ఆ కరకర వినగానే కాస్త ఆగి చుట్టూ చూస్తే ఎక్కడో దగ్గర్లో మేస్తున్న గుంపు తప్పకుండా ఉంటుంది. గొట్టం మీది మూత టక్కుటక్కుమంటుంటే ఆ ఆనందం పోయినట్టే.

గొట్టం ఎందుకు పొట్టిగా ఉంటుందో చాలామందికి సందేహం. ప్రతి శ్వాసలోనూ సుమారు 150 మిల్లీలీటర్ల గాలి ఊపిరితిత్తుల లోపలిదాకా చేరకుండా ముక్కు, గొంతు, శ్వాసనాళాల్లోనే ఉండిపోతుంది. గొట్టంలో పట్టే గాలి దానికి తోడవుతుంది. వదిలిన గాలినే మళ్లీ పీల్చే భాగం ఎంత పెరిగితే ఆయాసం అంత పెరుగుతుంది. అందుకే స్నార్కెల్‌తో చిన్న చిన్న శ్వాసలు తీయకూడదు, నెమ్మదిగా, లోతుగా పీల్చి పూర్తిగా వదలాలి. పొడుగు గొట్టంతో లోతుకు పోవచ్చన్న ఊహ ఇంకా ప్రమాదకరం. మీటరు లోతులో ఛాతీ మీద అదనంగా పడే ఒత్తిడి వాతావరణ పీడనంలో పదో వంతు దాకా ఉంటుంది, ఆ ఒత్తిడికి ఎదురుగా ఛాతీని విప్పి పైనున్న గాలిని లాక్కోవడం మనిషి కండరాలకు దాదాపు శక్తికి మించిన పని. ఈ సెట్టు గొట్టం పొడవు, వెడల్పు రెండూ సబబుగానే ఉన్నాయి. అడుగున ఉన్న వాల్వు చేరిన నీటిని ఒక్క ఊపుతో బయటికి పంపేస్తుంది. నోటిలో పెట్టుకునే సిలికాన్ ముక్క మాత్రం కాస్త పెద్దది, చిన్న దవడ ఉన్నవారికి కొద్దిసేపటికే నొప్పి పుట్టవచ్చు.

ముఖం మొత్తాన్ని కప్పే మాస్కు కొనుక్కోకూడదా అన్న ప్రశ్న ఇక్కడ తప్పక వస్తుంది, ఎందుకంటే క్రీడా సామాను కంపెనీ డెకాథ్లాన్ 2014లో ‘ఈజీబ్రెత్’ను తెచ్చిన తర్వాత అటువంటివి అన్ని సముద్రతీరాల్లోనూ కనబడుతున్నాయి. ముక్కుతోనూ నోటితోనూ మామూలుగా ఊపిరి తీసుకోవచ్చు, చూపు వెడల్పుగా ఉంటుంది, నోటిలో ఏమీ పెట్టుకోనక్కరలేదు. నీళ్లంటే భయమున్నవారిని మొదటిసారి పగడాల పైకి తీసుకెళ్లడానికి ఇంతకంటే మెత్తని దారి లేదు. (2020లో కరోనా రోజుల్లో ఇటలీలో కొందరు ఇంజనీర్లు ఈ మాస్కుకే త్రీడీ ముద్రణతో చేసిన వాల్వు తగిలించి ఆసుపత్రులకు శ్వాస పరికరంగా మార్చారు, సముద్ర సరదా సామానుకు అంతకంటే గొప్ప సన్మానం దొరికి ఉండదు.) అయినా చేపలను శ్రద్ధగా చూసేవారికి నేను దాన్ని సిఫారసు చేయను. వదిలిన గాలి విడి దారిలో బయటికి పోవడానికి లోపల ఉన్న చిన్న వాల్వులు సరిగ్గా మూసుకోకపోతే, ఆ గాలే మాస్కులో మిగిలి కార్బన్ డయాక్సైడ్ పెరుగుతుంది. నాసిరకం అనుకరణల్లో ఈ భయం ఎక్కువ. చాలా రకాల్లో ముక్కు మూసుకునే వీలుండదు కనుక, రెండు మూడు మీటర్లు కిందికి మునిగి ఒక బండ అంచు కింద ఏముందో చూడాలంటే చెవుల్లో ఒత్తిడి సరిచేసుకోలేం. కళ్లజోడు చేతులు అంచు కింద పెడితే నీరు కారుతుంది కనుక పవర్ అద్దాలవారికీ చిక్కే. పట్టీలు తలచుట్టూ బిగిసి ఉంటాయి గనక కంగారులో ఒక్క లాగుతో ఊడదీయడం కూడా అలవాటులేనివారికి కష్టం.

ప్రమాదాల మాట ఎత్తాను కనుక ఇంకొకటి చెప్పాలి. హవాయిలో స్నార్కెలింగ్ మరణాలపై జరిగిన ఒక అధ్యయనం, గాలి పీల్చేటప్పుడు గొట్టం ఎక్కువ అడ్డుపడటం, శ్రమ, ముందే ఉన్న గుండె జబ్బుల వంటివి కలిసి ఊపిరితిత్తుల్లోకి హఠాత్తుగా ద్రవం చేరే పరిస్థితికి దారితీయవచ్చని హెచ్చరించింది. అటువంటివారు చేతులు కాళ్లు కొట్టుకుని అరవరు, నీటి మీద నిశ్చలంగానే ఉండిపోతారు. దూరంనుంచి చూసేవారికి చేపలను చూస్తున్నట్టే కనబడుతుంది. అందువల్ల కొత్త గొట్టాన్ని నడుముదాకా నీరున్న చోట మొదట వాడి చూడటం, పక్కన ఒక మనిషి లేకుండా దిగకపోవడం, ఊపిరి ఆడటం లేదనిపిస్తే వెంటనే గొట్టం తీసేసి వెల్లకిలా తిరగడం అన్నవి ఏ కంపెనీ సామానుకైనా వర్తిస్తాయి. ఈ సెట్టుతో లైఫ్ జాకెట్ గాని, గాలి ఊది వేసుకునే చొక్కా గాని రాదు. ఈత బాగా వచ్చినవారికి కూడా అది ఉండటమే మేలని నా అభిప్రాయం, ఎందుకంటే తేలడానికి ఏ శ్రమా పడనప్పుడే ఒకే చోట కదలకుండా ఉండగలుగుతాం.

ఫిన్స్ గురించి పెద్దగా చెప్పవలసింది లేదు. పొట్టివి కనుక లోతు తక్కువ ఉన్నచోట పగడాలకు తగలకుండా కాళ్లు ఆడించవచ్చు, సంచిలో పడతాయి, మడమ పట్టీ ఒరుసుకోదు. ఉధృతమైన ప్రవాహానికి ఎదురు వెళ్లే బలం వాటికి లేదు. అటువంటి ప్రవాహం ఉన్న రోజున నీటిలోకి దిగనే కూడదు.

ఇక చేపల కార్డు. సెట్టు అమ్మేవారు దాన్ని ఉచిత కానుకగా ఇస్తారు గాని, నా దృష్టిలో దానికి మాస్కుతో సమానమైన విలువ ఉంది. పేరు తెలియనప్పుడు కంటికి కనబడేది ‘పసుపుపచ్చ చేప’, ‘గీతల చేప’ మాత్రమే. పేరు తెలిస్తే అది ఎక్కడ ఉంటుంది, ఏం తింటుంది, ఎవరితో తిరుగుతుంది అన్నవి వెంటపడి తెలుసుకోబుద్ధి అవుతుంది. ఈ కార్డు హిందూ, పసిఫిక్ మహాసముద్రాల పగడపు దిబ్బల్లో మామూలుగా కనబడే చేపలను రెండు వైపులా అచ్చువేసింది. బొమ్మలు స్పష్టంగా ఉన్నాయి, ప్లాస్టిక్ ఉప్పునీటికి చెడలేదు. మణికట్టు తాడు పొడుగ్గా ఉండి పగడాలకు చుట్టుకునే ప్రమాదం ఉంది కనుక ముడివేసి పొట్టి చేసుకోవాలి.

కార్డులో మొదటి లోపం రంగులు. బొమ్మలన్నీ ఫ్లాష్ వెలుగులో తీసిన ఫొటోల రంగులతో ఉన్నాయి. నీరు అన్నిటికంటే ముందు ఎరుపును మింగేస్తుంది. కొద్ది మీటర్ల లోతుకే ఎరుపు మసకబారి గోధుమ, బూడిద ఛాయలోకి దిగిపోతుంది. పగలంతా బండల కింద నీడలో గుంపుగా నిలబడి ఉండే సోల్జర్ ఫిష్ కార్డులో మెరిసే ఎర్రగా ఉంటుంది, కళ్లముందున్నది మాత్రం మట్టిరంగులో పెద్ద కళ్లతో కనబడుతుంది. రంగును కాకుండా ఒంటి ఆకారాన్ని, కన్ను ఎంత పెద్దది, తోక చివర ఎలా ఉంది, చేప ఎలా ఈదుతోంది అన్నవాటిని చూడటం నేర్చుకుంటే ఈ ఇబ్బంది తప్పుతుంది. పారట్ ఫిష్, రాస్ జాతులు పక్కరెక్కలను టపటపా ఆడిస్తూ ఈదుతాయి. ట్రిగ్గర్ ఫిష్ వీపు మీది రెక్కను, కింది రెక్కను అలలా కదుపుతూ ముందుకు సాగుతుంది. ఆ నడక ఒకసారి పట్టుబడితే దూరంనుంచి నీడలా కనబడినా కుటుంబం పేరు చెప్పేయవచ్చు. కార్డు దీని గురించి ఒక్క ముక్క కూడా రాయలేదు.

రెండో లోపం ఇంకా పెద్దది: ప్రతి చేపకూ ఎదిగిన రూపం ఒక్కటే వేశారు. ఎంపరర్ ఏంజెల్ ఫిష్ పెద్దయ్యాక నీలం ఒంటి మీద పసుపు గీతలతో ఉంటుంది. పిల్లగా ఉన్నప్పుడు ముదురు నీలం మీద తెల్లటి వలయాలు ఒకదానిలో ఒకటి చుట్టుకుని ఉంటాయి. ఈ రెండూ ఒకే చేప అని కార్డు పట్టుకున్నవాడికి కలలో కూడా తట్టదు. పారట్ ఫిష్ జాతుల్లో చాలావాటికి మొదటి దశలో గోధుమ, బూడిద రంగులే. తర్వాతి దశలో ఆడవి కొన్ని మగవిగా మారి ఆకుపచ్చ, నీలం, గులాబీ రంగులు తొడుక్కుంటాయి. కార్డులో ఆ రంగురంగుల దశే ఉంది కనుక, గుంపులో ఎక్కువగా ఉండే మాసిన రంగువాటిని వేరే జాతి అనుకునే అవకాశం ఉంది. క్లౌన్ ఫిష్‌లో ఈ మార్పు ఎదురు దిశలో జరుగుతుంది. ఒక సీఅనిమోన్‌లో (పువ్వులా కనబడే సముద్ర జీవిలో) ఉండే గుంపులో అన్నిటికంటే పెద్దది ఆడది, తర్వాతిది మగది. ఆడది పోతే ఆ మగదే ఆడదిగా మారుతుంది. అనిమోన్ పైన కాసేపు తేలితే ఎవరు ఎవరిని అదిలిస్తున్నారో చూసి ఆ క్రమం మనమే పోల్చుకోవచ్చు.

పోలికల విషయంలో కార్డు కొంత మేలు చేసింది, కొంత వదిలేసింది. మూరిష్ ఐడల్, బ్యానర్ ఫిష్ రెండింటికీ వీపు మీదనుంచి పొడుగ్గా సాగిన తెల్లటి తోరణం, నలుపు తెలుపు పసుపు పట్టీలు ఉంటాయి. రెండు బొమ్మలనూ పక్కపక్కన వేయడం తెలివైన పని. తోక నల్లగా ఉంటే ఐడల్, పసుపుగా ఉంటే బ్యానర్ ఫిష్. శుభ్రం చేసే చేప క్లీనర్ రాస్ దగ్గర మాత్రం అసలు కథ వదిలేశారు. వేలంత పొడవున్న ఈ నీలం, నలుపు గీతల చేప ఒక బండ దగ్గర మకాం పెట్టి, ముందుకు వెనక్కు ఎగిరెగిరి నాట్యం చేసినట్టు ఈదుతుంది. పెద్ద పెద్ద చేపలు అక్కడికి వచ్చి, నోరు తెరిచి, చెంపలు విప్పి కదలకుండా నిలబడితే ఇది లోపలికి దూరి పరాన్నజీవులను ఏరుకు తింటుంది. అచ్చం దానిలాగే గీతలు వేసుకుని, దానిలాగే ఈదే ఇంకో చేప ఉంది. అది దగ్గరికి వచ్చి శుభ్రం చేయదు, రెక్క అంచునో చర్మాన్నో కొరుక్కుని పారిపోతుంది. రెంటినీ వేరుచేసేది నోరు: అసలుదాని నోరు ముక్కు కొన దగ్గరే ఉంటుంది, నకిలీదాని నోరు ముట్టె కిందికి ఉంటుంది. ఒక పెద్ద చేప ప్రశాంతంగా నిలబడి ఉన్నట్టే ఉండి హఠాత్తుగా ఒళ్లు జలదరించినట్టు ఎగిరిపడితే, శుభ్రం చేసేవాడి నోరు ఎక్కడుందో వెతికి చూడాలి. ఈ ఒక్క వాక్యం కార్డు మీద ఉంటే దాని విలువ రెట్టింపయ్యేది.

ఇసుక మొదలయ్యే అంచున ఉండే చిన్న గోబీ చేపలకు కార్డులో చోటే లేదు. ఇసుకలో ఒక కన్నం, కన్నం ముంగిట ఒక గోబీ, దాని తోక మీద మీసం ఆనించి ఒక రొయ్య. రొయ్య చూపు మందం, అది బుల్డోజరులా ఇసుకను బయటికి తోస్తూనే ఉంటుంది. గోబీ కాపలా కాస్తుంది. ప్రమాదం తోచగానే గోబీ తోక వణికిస్తుంది, రొయ్య లోపలికి పోతుంది, మరుక్షణం గోబీ కూడా మాయం. పైన తేలేవాడు పూర్తిగా నిశ్చలంగా ఉంటేనే రొయ్య మళ్లీ బయటికి వస్తుంది. ఇందాక చెప్పిన బిగించని పట్టీ, చప్పుడు చేయని గొట్టం, నీరు కారని అంచు అన్నీ ఫలించేది ఇక్కడే. డ్రై రకం గొట్టం ఇక్కడే నిరాశపరచింది, చిన్న అలకు కూడా మూత టక్కుమని పడి నన్ను కదిలేలా చేసింది. ఆ మూత ఊడదీసే వీలుంటే తీసేసి మామూలు గొట్టంగా వాడుకోవడమే మంచిదని నా నిర్ణయం.

ప్రమాదకరమైన చేపలను కార్డు ఒక మూలకు నెట్టింది, అక్కడ లయన్ ఫిష్ బొమ్మ మాత్రమే ఉంది. రాయిలా కదలకుండా అడుగున పడి ఉండే స్టోన్ ఫిష్ వీపు ముళ్లలో విషం ఉంటుంది. కాలు కిందపెట్టి నిలబడే అలవాటు మానుకోవడానికి అది ఒక్కటి చాలు, పగడాలు బతికి ఉన్న ప్రాణులన్నది ఇంకో కారణం. టైటన్ ట్రిగ్గర్ ఫిష్ ఇసుకలో గూడు పెట్టుకున్నప్పుడు ఆ గూటినుంచి పైకి వెడల్పవుతూ పోయే గరాటు ఆకారపు మేరంతా తనదిగా భావించి, దానిలోకి వచ్చినవారిని తరుముతుంది. భయంతో పైకి లేచేవారు ఆ గరాటులోనే ఉండిపోతారు. పక్కకు, అడ్డంగా ఈదుతూ దాటిపోవాలి. ఎవరి ప్రాణానికైనా ఉపయోగపడే ఈ మాటను అచ్చువేయడానికి కార్డులో చోటు లేదని ఎలా అనుకోవాలి? ఆ చోటులో కంపెనీ ముద్ర ఉంది.

ఎండ దెబ్బ తగలకుండా వేసుకునే నిండు చేతుల చొక్కా సెట్టులో భాగం కాదు గాని, ఇది కొనేవారు దాన్నీ కొనుక్కోవాలి. బోర్లా తేలేవారికి వీపు, పిక్కలు, చెవుల వెనక భాగం తెలియకుండానే కమిలిపోతాయి. బట్ట కప్పినంత మేర సన్‌స్క్రీన్ వాడకం తగ్గుతుంది. హవాయి రాష్ట్రం 2018లో చట్టం చేసి, 2021 జనవరి 1 నుంచి ఆక్సీబెంజోన్, ఆక్టినాక్సేట్ అనే రసాయనాలు ఉన్న సన్‌స్క్రీన్ల అమ్మకాన్ని ఆపింది పగడాలకు హాని భయంతోనే.

వాడిన తర్వాత అన్నిటినీ మంచినీటిలో నానబెట్టి, నీడలో ఆరబెట్టాలి. ఎండలో పెడితే పారదర్శకమైన సిలికాన్ పసుపుపచ్చగా మారుతుంది. నల్ల రబ్బరు సామానుతో కలిపి సంచిలో బిగించి పెడితే మరకలు పడతాయి. గొట్టం అడుగు వాల్వులోని పల్చటి సిలికాన్ బిళ్ల కింద ఇసుక చేరిందేమో వేలితో ఎత్తి కడుక్కోవాలి, ఎందుకంటే గొట్టంలోకి నీరు ఊరడం సాధారణంగా అక్కడే మొదలవుతుంది. ఆ బిళ్లను గాని, నోటి ముక్కను గాని విడిగా అమ్మరన్నది ఈ సెట్టు మీద నాకు మిగిలిన అసంతృప్తి. అరచేతిలో సగం కూడా లేని సిలికాన్ ముక్క చిరిగితే గొట్టం మొత్తం మార్చుకోవలసి వస్తుంది, కాబట్టి మాస్కు విడిగా అమ్మే దుకాణం ఉంటే మాస్కు అక్కడ కొని, విడిభాగాలు దొరికే మామూలు గొట్టాన్ని దానికి జత చేసుకోవడమే నయం.